గంజి పెట్టిన పోగు

మా పెద్దబాపు పోయిండు. పొద్దుగాల నేను చాయ్ వడబోస్తుంటే ఆ కబురు వచ్చింది. సూరత్ అవతల డాంగ్ అడవిల ఆయన ఉండే కాడ ఫోన్ పనిచెయ్యది. ఎవరన్న మాట్లాడాల్నంటే గుట్ట ఎక్కాలె, అంత వానల ఊరికే గుట్ట ఎవరూ ఎక్కరు. అందుకే ఆయన దోస్తు నంబరు కనబడంగనే ఏదో అయిందని సమజైంది. "బేన్, కాకా గయే" అన్నడు. ఎనక వాన మోత. ఏమైంది, ఏమైంది అని నేను ఒర్లుతున్న. ఆయన చెప్పలేక చెప్పిండు, జనావర్ కరిచిందట. మనోళ్లు పాము పేరెత్తకుంట పురుగు ముట్టింది అన్నట్టు, అక్కడోళ్లు జనావర్ అంటరు. నిద్రల కరిచింది, నిద్రలనే పోయిండు. తెల్లారి దోస్తు పాలు తీస్కపోయి లేపితే లేవలేదట.

పక్క అర్రల మా పెద్దమ్మ ఉన్నది. ఆయన అడవికి పోయినప్పటి సంది ఆమె నా తాననే ఉంటున్నది. వాళ్లకు పిల్లలు లేరు, నేనే బిడ్డను. ఎట్ల చెప్పాల్నా అని నేను తలుపు కాడ నిలబడితే, ఆమె నా మొఖం చూసి ఫోన్ ఎవరిదని గూడ అడగలే. "పడుగు మీదనే పోయిండా?" అన్నది. ఆ మాటకు అర్థం ఏందో ముందు ముందు చెప్త. ఆ మాట ఇన్నంక నాకు ఏడుపు గూడ రాలే, భయమైంది.

ఆయన మా బాపుకు అన్న. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి సూరత్ల పవర్‌లూమ్ మగ్గాల మీద జిందగీ అంత గడిపిన మనిషి. పర్వత్ పాటియాల మా గల్లీల "చెవిటాయన" అంటే ఆయనే. ఆ పేరు మీద ఆయనకు కోపం లేకుండె. "వినబడితే గద బిడ్డా కోపం వచ్చేది" అని నవ్వుతుండె.

నా చిన్నప్పుడు ఆయనకు బువ్వ డబ్బా ఇయ్యనీకి మగ్గాల షెడ్డుకు నేనే పోయేదాన్ని. లోపల అడుగు పెడితే ఆ మోతకు పండ్లు గూడ వణికేటియి. ఆడ ఎవరూ నోటితోటి మాట్లాడరు. ఏళ్లతోటి, కనుబొమ్మలతోటి మాట్లాడుకుంటరు. నీళ్లకు ఒక సైగ, సేఠ్ వస్తున్నడంటే ఒక సైగ. ఆ రెండోది ఏందో ఈడ రాయలేను, ఇంట్ల పిల్లలు చదువుతరు. పెద్దబాపు చెప్పులు ఇడిసి ఉత్త కాళ్లతోటి నిలబడేటోడు. ఎనక మగ్గం ఆగితే తిరిగి చూడకముందే ఆయన కాళ్లకు తెలుస్తుండె. ఎక్కడో పోగు తెగిందన్నట్టు. గబగబ పోయి, తెగిన కొసలు రెండూ దొరకపట్టి, ముడేసి మగ్గం నడిపించేటోడు. "సప్పుడుకు భయపడద్దు బిడ్డా. సప్పుడు ఆగితే భయపడాలె" అంటుండె. అప్పుడు నాకు అది మగ్గాల ముచ్చటే అనిపించింది.

మా అమ్మ పోయినప్పుడు నేను బువ్వ తినుడు బంద్ పెట్టిన. ఇంట్లోళ్లందరు బుదరకిచ్చి, తిట్టి యాష్టకొచ్చి ఊకున్నరు. పెద్దబాపు నా చెయ్యి పట్టుకున్నడు. షెడ్డుకు తీస్కపోయి, తన పక్కన ఒక పీట ఏసి కూసుండబెట్టి, చెడిపోయిన నూలు నా ఒడిల పోసిండు. ఒంటి చేత్తోటి ముడి ఎట్ల ఏస్తరో చూపెట్టిండు. "తెగిన పోగును తిట్టకు, అతుకు" అన్నడు, పెదవులు మెల్లగ కదుపుకుంట. పొద్దుమూకేదాంక అతికిన. ఇంటికొచ్చి అడిగి మరీ అన్నం తిన్న. ఇప్పుడు చీరలకు లేసులు కుట్టుకుని బతుకుతున్న, రోజుకు ఎన్నిసార్లు దారం తెగుతదో. తెగినప్పుడల్ల ఆ పీట యాదికొస్తది.

చెవుల్ల మోత ఉన్న ఇల్లు కాబట్టి మా ఇంట్ల అందరం కొట్లాడుకున్నట్టే మాట్లాడుతం. కొత్తగ వచ్చినోళ్లు పరేషాన్ అయితరు. సెలవు రోజు డుమస్ సముద్రం ఒడ్డుకు పోయి టమాటా భజియాలు తింటుంటే, మా పెద్దమ్మ ఒర్లుడుకు బండాయన గూడ ఉలిక్కిపడి చట్నీ ఒలకబోసిండు ఒకసారి. పెద్దబాపు భజియాలు తినడు. తడి ఇసుకల ఉత్త కాళ్లతోటి నిలబడి కండ్లు మూసుకుంటడు. "నడుస్తున్నది" అంటడు. సముద్రం నడుస్తున్నదట. "ఎన్ని మీటర్లు నేసిందో అడుగు" అని పెద్దమ్మ ఎక్కిరించేది. ఆయనకు వినబడది, మేం నవ్వుతుంటే ఆయన గూడ నవ్వుతడు.

నవ్వు పోయిన రోజు నాకు బాగ యాదికున్నది. ఏదో కారణం మీద మా గల్లీల మగ్గాలన్ని బంద్ పెట్టిన్రు. అట్లాంటి రోజు మాకు పండుగే. మనిషి దగ్గు మనిషికి వినబడుతున్నది, పిట్టలు ఒర్లుతున్నయి. పెద్దబాపు లోపలి నుంచి బయటికొచ్చి చుట్టూ చూసిండు. "ఇయ్యాల గూడ నడుపుతున్నరా?" అన్నడు. ఎవరూ నడుపుతలేరు అని నేను చెయ్యి ఊపిన. గోడకు చెయ్యి ఆనిచ్చి చూసిండు, నేలకు కాలు ఆనిచ్చి చూసిండు. ఎక్కడా ఏం లేదు. రెండు చేతుల చెవులు మూసుకుని గడప మీద కూసున్నడు. "నా లోపల ఆగుతలేదే" అన్నడు పెద్దమ్మతోటి. అప్పటిదాంక ఆ మోత షెడ్డు నుంచి వస్తున్నదనే అనుకున్నడు పాపం. దవాఖానల చూపిస్తే, నరం పాడయింది, ఆ మోత ఇగ పోదు, అలవాటు చేసుకోమన్నరు.

అలవాటు కాలే. నిద్ర లేదు, తిండి లేదు. షెడ్డుల పక్క మగ్గం మీద డాంగ్‌కెళ్లి వచ్చిన ఒకాయన పనిచేస్తుండె, ఆయనే ఇప్పుడు ఫోన్ చేసిన దోస్తు. ఆయన తన ఊరికి మళ్ల పోతూ, జర గాలి మారుతది రమ్మని పెద్దబాపును గూడ తీస్కపోయిండు. వానకాలం. ఆ అడవిల టేకాకు ఒక్కొక్కటి చాటంత ఉంటది. దాని మీద వాన పడితే ఆ సప్పుడు చెవిటోళ్లకు గూడ వినబడతది. ఆ వానల పెద్దబాపు లోపలి మగ్గం మునిగిపోయిందట. దోస్తు పరుపు ఏస్తే పొద్దెక్కేదాంక పండుకున్నడట. లేచి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండట.

సూరత్‌కు తిరిగి వచ్చింది సామాను తీస్కపోనీకే. పెద్దమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "రాముడు గూడ అడవికి పోయేటప్పుడు పెండ్లాన్ని ఎంట తీస్కపోయిండు" అన్నది, వినబడాలని గోడలు అదిరేటట్టు. "తీస్కపోతే ఏమైందో తెల్వదా నీకు? నువ్వు ఈన్నే ఉండు" అన్నడు ఆయన. అందరం పడి పడి నవ్వినం. ఎన్నటికి వస్తవని ఆమె అడిగితే, ఒక్క పడుగు నేసుకుని వస్త అన్నడు.

మగ్గం సంగతి తెల్వనోళ్లకు చెప్త. పడుగంటే మగ్గం మీద నిలువుగ పరిచిన నూలు. సగం నేసి మగ్గం మీదికెళ్లి లేచిపోవుడు మా పద్మశాలీలకు అరిష్టం. అయిపోవాలె, అప్పుడే లేవాలె. అందుకే పెద్దమ్మ ఒప్పుకున్నది. కాని ఇంకో సంగతి ఆమెకు గూడ తెలుసు. పడుగు అయిపోయే ముందు, మిగిలిన కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటి అతుకుతరు. అతికితే మగ్గం ఖాళీ ఉండది. అతుకుతూ పోతే పడుగు ఎన్నటికీ అయిపోది. ఆయన అట్లనే చేసిండు. ఎప్పుడు అడిగినా, "పడుగు అయిపోంగనే వస్త" అనేటోడు.

ఈ వానలు షురూ అయినప్పుడు నేను, పెద్దమ్మ చూడనీకి పోయినం. ఆహ్వా ఊర్ల బస్సు దిగి, ఇంకో జీపెక్కి, ఆడికెళ్లి నడిచినం. కరెంటు తీగె ఎనకనే ఆగిపోయింది. వాగు దాటినంక చెట్ల నడుమ వెదురు తడకల గుడిసె, లోపల నేల తవ్వి కట్టిన గుంట మగ్గం. ఆ గుడిసె దోస్తు పొలం అంచున ఉన్నది. మగ్గం అచ్చు, పోగు పట్టుకుని అటు ఇటు ఉరికే నాడె సూరత్ పాత సామాన్లకెళ్లి తీస్కపోయినవే. ఊరోళ్లకు తువ్వాలలు, దుప్పట్లు నేసి ఇస్తడు, వాళ్లు బియ్యం, ఆడ నాగ్లి అనే రాగి పిండి తెచ్చి పెడతరు. మనిషి నిగనిగలాడుతున్నడు. పెద్దమ్మకు అది చూసి సంతోషమూ అయింది, కడుపుల మంటా అయింది. "నేను లేకుంటె మంచిగనే ఒళ్లు చేసిండు" అన్నది నాతోటి.

గుడిసె చుట్టు చూరు కింద, మోకాలి ఎత్తుల, నూలు పోగులు కట్టి ఉన్నయి. మేం అది ఏందో ఎరుకలేక తెంపుకుని లోపలికి పోయినం. పెద్దబాపు పకపక నవ్విండు. పవర్‌లూమ్‌ల పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగుతది గద, అది చూసి చేసిండట. పండుకునేటప్పుడు ఆ పోగుల కొస తన మణికట్టుకు కట్టుకుంటడు. రాతిరి ఏదన్న జంతువు వచ్చి తాకితే పోగు గుంజుతది, లేదంటే తెగి వదులైతది. చెవిటోనికి అదే చెవి అన్నట్టు. మంచం ఉన్నది, దోస్తు ఇచ్చిండు, దాని మీద నూలు చుట్టలు పెట్టుకున్నడు. తను నేల మీదనే చాప. "మంచం ఎక్కితే నాకు ఏం వినబడది" అన్నడు. కాళ్లతోటి, ఈపుతోటి ఇనే మనిషి ఇంకేం చేస్తడు?

పొద్దుమూకుతుంటే చిన్న గిన్నెల గంజి పట్టుకొచ్చి, కుంచెతోటి ఆ పోగులకు రాసుకుంట గుడిసె చుట్టు తిరిగిండు. ఎందుకే అని సైగ చేసిన. "ఉత్త నూలు తేమకు సాగుతది, దూది లెక్క బూరు లేస్తది. గంజి లేని పోగు పోగెట్లయితది బిడ్డా?" అన్నడు. నేను గూడ తలూపిన. నేసేటోళ్ల ఇంట్ల పుట్టినోళ్లం, గంజి పెట్టనిది నూలే కాదు మాకు. కమ్మటి బియ్యం వాసన చెట్ల నడుమకు పోయింది.

అడవి కీచుమని మోగుతున్నది, పురుగులు, కప్పలు. నాకు అది సూరత్ లెక్కనే అనిపించి జర ధైర్యమైంది. ఒక్కసారి ఆగిపోయింది. ఎవరో మెయిన్ స్విచ్ తీసినట్టు. ఆకు మీదికెళ్లి ఆకు మీద నీటి చుక్క పడేది వినబడుతున్నది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్నది. పెద్దబాపుకు ఆ కీచుడు మొదలే వినబడది, ఆగిందీ వినబడది, కాని మా మొఖాలు చూసిండు. "ఆగిందా?" అన్నడు. తలూపినం. పోగును ఏలు మీద ఏసుకుని, ఊపిరి బిగబట్టి, చీకటి దిక్కు చూస్తూ నిలబడ్డడు. పోగు కదలలే. జర సేపటికి మళ్ల కీచుడు మొదలైంది. "పోయింది" అన్నడు. ఏం పోయిందో మాకు తెల్వది, ఆయనకు గూడ తెల్వది.

తెల్లారి చూస్తే పోగులు రెండు మూడు చోట్ల తెగి ఉన్నయి. పెద్దబాపు మొఖంల ఎంత గర్వమో. "చూసినవా, ఏదో వచ్చి పోయింది. చిరుత గావచ్చు. నా పోగు చెప్తున్నది" అన్నడు. రోజూ తెగుతున్నయట. మొదట్ల తెగినప్పుడల్ల లేచి బ్యాటరీ ఏసి చూసేటోడట, ఏం కనబడకపోయేది. తర్వాత తర్వాత లేచుడు మానేసిండు. "రోజూ తెగే పోగుకు ఎవడు లేస్తడు బిడ్డా? పొద్దుగాల అతుకుతున్న" అన్నడు, కూసుండి ముడేసుకుంట. పెద్దమ్మ ఆ రోజు కాళ్లా ఏళ్లా పడ్డది. "ఇంటికి పోదాం పా. నాకు ఈ జాగ మంచిగనిపిస్తలేదు" అని ఏడ్చింది. ఆమె పెదవులు చూసుకుంట అన్నీ ఇన్నడు. ఆమె తల మీద చెయ్యి పెట్టి అదే మాట అన్నడు. పడుగు అయిపోంగనే వస్త.

వాగు దాటి ఎనక్కి చూస్తే చెయ్యి ఊపుతున్నడు. ఆయనను పాణంతోటి చూసుడు అదే ఆఖరు.

ఫోన్ వచ్చినంక ఆయనను జీపుల సూరత్‌కు తెచ్చిన్రు. కంటి రెప్పలు వాలి, అలసిపోయి పండుకున్నట్టే ఉన్నడు. మడమ కాడ ఎతికి చూస్తే గని కనబడనంత గాటు. చేతికి పోగు అట్లనే ఉన్నది, జానెడు కొస ఏలాడుతున్నది. స్నానం పోయించేటప్పుడు ఎవరో కత్తెర తెచ్చిన్రు. పెద్దమ్మ ఆ చెయ్యి నూకేసింది. "మా ఆయన పోగుకు కత్తెర పెట్టకున్రి" అన్నది. కూసుండి గోర్లతోటి ఆ ముడి ఇప్పింది. నేసేటోని ముడి, తొందరగ రాదు. దహనానికి తాపి నది ఒడ్డుకు పోవాల్సినోళ్లు వానల నిలబడి చూస్తున్నరు. ఇప్పినంక పోగును చుట్ట చుట్టి కొంగుకు కట్టుకున్నది.

కర్మకాండ అయినంక సామాను తెచ్చుకుందామని నేను, పెద్దమ్మ గుడిసెకు పోయినం. మగ్గం మీద పడుగు సగం నేసి ఉన్నది. చూరు కింద పోగులు ఎక్కడికక్కడ తెగి ఏలాడుతున్నయి. నేను ఒక కొస చేతిలకు తీసుకున్న. జిందగీ అంత తెగిన దారం చూసేదాన్ని, గుంజితే తెగిన కొసకు బూరు ఉంటది. దీనికి లేదు. కొరికినట్టున్నది. ఇంకోటి చూసిన, అదీ అంతే. గోడ ఎంబడి నేల చూస్తే చిన్న చిన్న బొక్కలు, కొత్త మట్టి.

దోస్తు తలొంచుకుని నిలబడ్డడు. "ఈ వానకాలం ఈ గుడిసె కాడ ఎలుకలు మస్తు అయినయి బేన్. ఇంతకుముందు ఈడ లేకుండె. ఎందుకు వస్తున్నయో మాకు సమజ్ కాలే. ఎలుకలు వస్తే వాటి ఎనక జనావర్ వస్తది" అన్నడు.

నా చేతిల పోగు బియ్యం వాసన వస్తున్నది.

ఏ చిరుతా రాలే. రోజూ పొద్దుమూకి మా పెద్దబాపు గుడిసె చుట్టు ఎలుకలకు బువ్వ పెట్టిండు. అవి తిని తెంపితే, కావలి కాస్తున్నదని మురిసిండు. నేసేటోడు గాక ఇంకెవరు చేస్తరు ఆ పని? నేను ఆడ్నే కూలబడి ఏడ్చిన. ఏడుస్తనే పెద్దమ్మకు చెప్పిన, గంజి, ఎలుకలు, పాము, అన్నీ. ఆమె శాంతంగ ఇన్నది. "ఆయన పోగు ఆయన్ని చంపది" అన్నది. చంపిందే పెద్దమ్మా అని నేను మొత్తుకున్న. "చంపది" అన్నది మళ్ల.

చీర కొంగు దోపుకుని, గుంటల కాళ్లు పెట్టి మగ్గం మీద కూసున్నది. మిగిలిన పడుగు ఇంటోళ్ల చెయ్యే నెయ్యాలె, బయటోళ్లు ముట్టద్దు. ఆ రివాజు నాకూ తెలుసు, కాదనలేకపోయిన. "నువ్వు పో బిడ్డా. పడుగు అయిపోంగనే వస్త" అన్నది. అచ్చం పెద్దబాపు మాటే. పోయేముందు చూరు కింది పోగులన్ని నేనే పీకి పొయ్యిల ఏసిన. గంజి గిన్నె దోస్తు ఇంట్ల ఇచ్చిన. మంచం మీద చుట్టలు దించి, పక్క పరిచి, దాని మీదనే పండుకుంటనని ఆమెతోటి ఒట్టు ఏయించుకున్న.

ఇప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టుకుని లేసులు కుడుతున్న. అది మోగినా భయమే, మోగకున్నా భయమే. సప్పుడు ఆగితే భయపడాలె అని ఆయన చెప్పింది నాకోసమే అనిపిస్తది.

మొన్న ఉండబట్టక పోయిన. వానలు ఇంక తగ్గలే. నాడె సప్పుడు వాగు కాడికే వినబడింది, పాణం లేచొచ్చింది. పెద్దమ్మ మగ్గం దిగి పొయ్యి ఎలిగించింది. "ఇంక ఎంత మిగిలిందే పడుగు?" అని అడిగిన. నా దిక్కు చూడకుంట చాయ్ పత్తి ఏసింది. "కొత్తది అతికిన" అన్నది.

మంచం మీద మళ్ల నూలు చుట్టలు ఉన్నయి. మూలకు చాప. "ఇంటికి పోదాం పా పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత" అన్న. "ఈ వాన సప్పుడుల ఆయన ఎంత మంచిగ పండుకుండెనో. నన్ను గూడ జర పండుకోనీ బిడ్డా" అన్నది. చాయ్ గిలాస ఇయ్యనీకి చెయ్యి చాపింది. మణికట్టుకు పెద్దబాపు పోగు ఉన్నది, కొంగుకు కట్టుకున్న గదే పోగు. దాని కొసకు కొత్త నూలు అతికింది. ఆ నూలు తడక సందులకెళ్లి బయటికి, చూరు కిందికి పోతున్నది.

గిలాస కింద పెట్టి ఆ నూలును రెండు ఏళ్ల నడుమ పట్టి చూసిన. ఏళ్లకు గంజి అంటింది.